ఒక పీరియడు బాధపడుటకు అనుమతి కోరుతూ

ఆ సోమవారం పొద్దున లెక్కల మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ తాగుతూ కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకొని, ఏమైందో అడగాలి. మూడు వారాలుగా ఆ పిల్ల ఇంట్లో నోరు విప్పడం లేదు. ఎనిమిదో తరగతి. అంతకుముందు బడి నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా కబుర్లు మొదలుపెట్టి, ఇంట్లో అందరి బుర్రా తినేసేది. ఇప్పుడు "ఊఁ", "తిన్నాను", "నిద్రొస్తోంది" అనే మూడు ముక్కలతో రోజు గడిపేస్తోంది. కంచంలో సగం అలాగే వదిలేస్తోంది.

"నేనూ రోజూ అదే బడికి పోతున్నాను కదా, నాకేం కనపడలేదే," అన్నారు మాస్టారు.

"మీకు కనపడితే నాకీ బెంగ ఎందుకండీ? నేనడిగితే తలనొప్పి అంటోంది. ఇవాళైనా మీరు అడగండి," అంది భార్య.

కూతురు వచ్చి కూర్చుంది. మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అమ్మలూ..." అన్నారో లేదో, ఫోను మోగింది. అవతల హెడ్మాస్టరు.

"మాస్టారూ, ఉన్నపళంగా రండి. కొంపలంటుకున్నాయి!"

అంటుకున్న కొంప ఏమిటంటే, ఒక సర్క్యులరు. ప్రతి బడిలోనూ 'మనసు గది' ఒకటి తెరవాలట. బాధగా ఉన్న పిల్లలు అందులో ఒక పీరియడు కూర్చోవచ్చట. పెద్దవాళ్లెవరైనా పక్కన కూర్చొని వాళ్లు చెప్పేది వినాలట. వచ్చే సోమవారమే తనిఖీ.

"మంచి ఆలోచనేనండీ. కానీ నేనే ఎందుకు?" అన్నారు మాస్టారు.

"రోజూ మూడో పీరియడు మీకు ఖాళీ," అన్నారు హెడ్మాస్టరు. పిల్లల మనసు అర్థం చేసుకోవడానికి ఆ బడిలో అంతకు మించిన అర్హత ఇంకెవరికీ లేదు.

ఆటల సామాను గదిని ఖాళీ చేశారు. గాలిపోయిన బంతులన్నీ ఒక మూలకి తోసి చాప వేశారు, రెండు దిండ్లు పెట్టారు. 'బాధగా ఉన్నవారు లోపలికి రావచ్చు' అని తలుపుకి కాగితం అంటించారు. ఇంకో సంగతి ఎవరూ ఆలోచించలేదు. బడి మొత్తంలో తిన్నగా తిరిగే ఫ్యాను ఆ గదిలోనే ఉంది.

మొదటి రోజు ఒక్క పురుగు రాలేదు. రెండో రోజు, ఏడో తరగతికి లెక్కల పరీక్ష అనగా, ఒక కుర్రాడు గుండె పట్టుకొని వచ్చాడు.

"ఏంట్రా బాధ?"

"ఇక్కడ ఏదోలా ఉంది సార్."

"ఎప్పట్నుంచి?"

"మీరు పరీక్ష అన్నప్పట్నుంచి సార్."

వాడు ఫ్యాను కింద దిండు మీద తల పెట్టి, పీరియడంతా గుర్రు పెట్టి, తేలికపడ్డ మనసుతో బయటికెళ్లి పదిమందికీ చెప్పాడు. మర్నాడు ముప్పై ఏడుగురు వచ్చారు. ఆ గంటలో సోషలు టీచరు రెండు బెంచీలకీ నాలుగు గోడలకీ పాఠం చెప్పుకున్నారు.

ఇలా అయితే లాభం లేదని మాస్టారు ఒక నిబంధన పెట్టారు. బాధ ఉన్నవాళ్లు కారణం చూపుతూ అర్జీ రాయాలి, కింద తల్లో తండ్రో సంతకం పెట్టాలి. పిల్లలకు తెలిసిన అర్జీ జన్మకి ఒక్కటే, జ్వరానికి రాసే సెలవు చీటీ. దాన్నే అటూ ఇటూ మార్చారు: 'గత రాత్రి నుండి నాకు విపరీతమైన బాధ ఉన్నందున, ఒక పీరియడు బాధపడుటకు అనుమతి ప్రసాదించవలసిందిగా ప్రార్థన. ఇట్లు, తమ విధేయుడు.' ఒకడు పాత అలవాటు కొద్దీ 'మా తాతగారు పోయినందున' అని రాశాడు. ఆ తాతగారే మధ్యాహ్నం వచ్చి వాడి గొడుగు ఇచ్చి వెళ్లారు.

మొత్తం నూట పన్నెండు అర్జీలు. గదిలో పట్టేది పదిమంది. అప్పుడు లెక్కల మాస్టారు తనకు చేతనైన పని చేశారు. ప్రతి బాధకూ పదికి ఇన్ని అని మార్కులు వేసి, మొదటి పది పేర్లూ పైన పెట్టి, జాబితా నోటీసు బోర్డుకి అంటించారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

శుక్రవారం పొద్దున గేటు తీసేసరికి తల్లిదండ్రులు బారులు తీరి ఉన్నారు. ఎప్పుడూ క్లాసులో ఫస్టు వచ్చే పిల్లాడి తల్లి అందరికంటే ముందుంది.

"మా వాడికి నాలుగేంటి మాస్టారూ? ఒకటో తరగతి నుంచి వాడికి దేంట్లోనూ తొమ్మిదికి తగ్గలేదు!"

"అమ్మా, తక్కువొచ్చాయంటే మీ వాడు హాయిగా ఉన్నాడన్నమాట. అది మంచిదే కదా?"

"హాయిగా ఉండడానికేనా మేం బడికి పంపేది?" అందావిడ.

మరో పక్క ఒక తండ్రి కొడుకుని గేటుకి ఆనించి నిలదీస్తున్నాడు. "పక్కింటి వాడికి ఎనిమిదొచ్చాయిరా! నీకేం తక్కువ చేశాం? సిగ్గుండక్కర్లా?" పిల్లాడు బావురుమన్నాడు. ఆ ఏడుపు చూసి మాస్టారు అక్కడికక్కడే రెండు మార్కులు కలిపారు. దాంతో వరసలో ఉన్న పిల్లలందరూ ఏడుపు మొదలుపెట్టారు. సాయంత్రానికి వీధి చివరి ట్యూషన్ల ఆయన 'బాధ అర్జీలు నేర్పబడును, ఏడు మార్కులకు హామీ' అని బోర్డు పెట్టేశాడు.

ఇవన్నీ మాస్టారు తట్టుకున్నారు గానీ, వెనక నుంచి ఎవరో అన్న మాట మాత్రం గుచ్చుకుంది. "ఆయన కూతురూ ఇక్కడే చదువుతోందిగా. వాళ్లమ్మాయికి పదికి పది వేసుకుంటాడులే!"

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆయన్ని ఎవరూ అంత మాట అనలేదు. వెంటనే కట్టుదిట్టం చేశారు. పేరూ సంతకమూ కనపడకుండా అర్జీ అంచులు మడిచి పిన్ను కొట్టాలి. చేతిరాత కూడా పోల్చుకోకుండా గంట కొట్టే అటెండరు పైకి చదవాలి. మాస్టారు కళ్లు మూసుకొని వింటూ మార్కులు చెప్పాలి. అందరూ మళ్లీ కొత్తగా రాయాలి.

శనివారం పొద్దున కాఫీ చల్లారిపోతోంది. మాస్టారు బల్ల నిండా జాబితాలు పరుచుకొని స్కేలుతో గీతలు గీస్తున్నారు.

"దాన్ని అడిగారా?" అంది భార్య.

"ఉండవే బాబూ! ముందు ఈ నూట పన్నెండు మంది బాధలు తేలనీ. మన ఇల్లెక్కడికి పోతుంది?"

కూతురు వచ్చి స్కేలు పక్కన ఒక కాగితం పెట్టింది. "నాన్నా, సంతకం."

మాస్టారు గీత మీంచి చూపు తిప్పకుండానే పెట్టేశారు. "బాగా చదువుకో అమ్మా," అన్నారు. ఆ పిల్ల ఒక్క క్షణం నిలబడి, కాగితం తీసుకొని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అటెండరు చదవడం మొదలుపెట్టాడు. పిడుగు పడినా, సెలవు ఇచ్చినా అతని గొంతు ఒక్కటే. ఎనభై అర్జీలు గడిచాక ఉన్నట్టుండి ఆగాడు. పిన్ను ఊడి, మడత విచ్చుకుంది.

"సార్, ఇది..."

"పేర్లు చెప్పొద్దన్నానా!"

"పేరు కాదు సార్, కింద సంతకం..."

"సంతకాలూ వద్దు. మడిచి చదువు!"

అటెండరు మడిచి చదివాడు. "నా స్నేహితురాలు మూడు వారాలుగా నాతో మాట్లాడటం లేదు. తను కాపీ కొడుతూ దొరికింది. నేనే పట్టించానని అనుకుంటోంది. నేను పట్టించలేదు. ఇంట్లో చెబుదామంటే మా నాన్నగారికి తీరిక లేదు."

మాస్టారు కళ్లు తెరవలేదు. "చప్పగా ఉంది. కన్నీళ్లు లేవు, ఆసుపత్రి లేదు. రెండు మార్కులు. ఆ... కింద రాయి, 'తండ్రి కాస్త శ్రద్ధ తీసుకోవలెను.' పాపం, ఎవరి పిల్లో!" అని, అటెండరు తన చేతిని ఆనించిన చోట సంతకం చేశారు.

సోమవారం తనిఖీ అధికారిణి వచ్చింది. హెడ్మాస్టరు మాస్టార్ని పక్కన కూర్చోబెట్టుకొని, పొంగిపోతూ ఫైలు ముందు పెట్టారు. నూట పన్నెండు అర్జీలు, తరగతుల వారీ పట్టిక, సగటు బాధ అయిదున్నర. అధికారిణి పట్టిక అంతా ఓపిగ్గా చూసింది.

"అన్నిటికన్నా చిన్న బాధ ఎలా ఉంటుందో చూద్దాం," అని అడుగున ఉన్న అర్జీ తీసి పిన్ను విప్పింది. చదివింది. మళ్లీ చదివింది. "తండ్రి శ్రద్ధ తీసుకోవాలని రాశారు. మంచి మాట. ఆయన్ని పిలిపించారా?"

"ఇవాళే పిలిపిస్తామండీ! ఇలాంటి తండ్రుల్ని ఊరికే వదలకూడదు," అన్నారు హెడ్మాస్టరు.

"కింద తండ్రి సంతకం ఉంది, పక్కన మార్కులేసినవారి సంతకం ఉంది. రెండూ అచ్చుగుద్దినట్టున్నాయేమిటి?"

తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు మెల్లగా, "నేను ఆ రోజే చెప్పబోయాను సార్," అన్నాడు.

మాస్టారు కాగితం అందుకున్నారు. కూతురి గుండ్రటి అక్షరాలు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది ఆయన పని. కూతురి బాధ తన చెవిన పడింది, తన చేత సంతకం పెట్టించుకుంది, తన చేత మార్కులు కూడా వేయించుకుంది. అయినా తనకి తెలియలేదు. సిగ్గుతో ఆయన తల నేలకు వాలిపోయింది.

"ఆ తండ్రిని నేనేనండీ," అన్నారు.

"అయితే పిలిపించే పని తప్పింది. ఇక్కడెందుకు కూర్చున్నారు? వెళ్లండి," అంది అధికారిణి.

ఇంటర్వెల్లో పిల్లలంతా మైదానంలో ఉన్నారు. కూతురు మాత్రం మేడమెట్ల మీద ఒంటరిగా కూర్చుంది. మాస్టారు పక్కన చతికిలబడ్డారు.

"ఇంత బాధ పెట్టుకొని నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పాను కదా నాన్నా. సంతకం పెట్టావు."

ఆ పిల్లే మళ్లీ అంది. "దాన్ని పట్టుకుంది నువ్వే. అందరి ముందూ బెంచీ ఎక్కించావు. నీ కూతుర్ని కాబట్టి నేనే చెప్పానని దాని నమ్మకం. బెంచీ మీద తన పక్కన నా చోట్లో సంచి పెట్టేసింది." అంటుండగానే తండ్రి భుజానికి మొహం ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. మాస్టారు ఆ తల నిమురుతూ ఉండిపోయారు. ఆయన కళ్లూ తడిశాయి.

గంట కొట్టగానే ఆయన ఎనిమిదో తరగతికి వెళ్లి, ఆ స్నేహితురాలి బెంచీ ముందు నిలబడ్డారు. "ఆ రోజు నువ్వు కాపీ కొట్టడం నా కళ్లతో నేనే చూశాను. నాకెవరూ చెప్పలేదు. అయినా నిన్ను బెంచీ ఎక్కించి అవమానించడం నాదే తప్పు. ఏమీ అనుకోకమ్మా," అన్నారు. క్లాసంతా నోళ్లు వెళ్లబెట్టింది. ఆ అమ్మాయి చాలాసేపు కిటికీ వైపు చూసి, చివరికి పక్కనున్న సంచి తీసి కింద పెట్టింది.

ఆ సాయంత్రం కూతురు కంచం ముందు కూర్చొని నోరు విప్పింది. రెండు గంటలపాటు మళ్లీ మూయలేదు. అందులో గంటన్నర, మాస్టారు లెక్కలు చెప్పే తీరు గురించే.