దస్తీ పడిన సీటు

అశోక్‌నగర్‌లో రాజ్యాంగం తర్వాత తిరుగులేని అధికారం చేతిరుమాలుది. స్థానికులు దస్తీ అంటారు. కుర్చీ మీద అది పడిందంటే సీటు నిండినట్టే. (రాజ్యాంగానికి నూరు దాటి సవరణలు జరిగాయి. దస్తీకి ఒక్కటీ జరగలేదు.)

సీట్ల కొట్లాటను అంతం చేయడానికి కోచింగ్ సెంటర్ యజమాని జగన్నాథరావు గారు ఒక విధానం ప్రకటించారు. ముందు వరుస నడిమి కుర్చీలో నలుదిక్కులా చూసే కెమెరా కూర్చుంటుంది. కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకున్న తొమ్మిది వందల మంది ఎక్కడివాళ్లక్కడే ఉండి, ఏకకాలంలో ఆ ఒక్క కుర్చీలో కూర్చుంటారు.

వారిలో నవత ఒకరు. నలభై ఆరో ఏడు నడుస్తోంది. సర్కారు కొలువుకు వయోపరిమితి ముగుస్తోంది గనక ఈ ఆదివారం రాసేదే చివరి పరీక్ష. కిందటిసారి దెబ్బతీసిన కేంద్ర, రాష్ట్ర సంబంధాల మీద ఇవాళే ఆఖరి క్లాసు.

ఉదయం ఆరింటికి హెడ్‌సెట్ పెట్టుకుంది. ఎదురుగా నీలిగళ్ల గుడ్డ. వెనక్కి తిరిగితే నాలుగు వందల మంది బోర్డు చూసి రాసుకోవడం మహా స్పష్టంగా కనిపిస్తోంది.

"ఈ పట్టికల్నుంచే ప్రశ్న వస్తది. చదివి చెప్ప, చూసి రాస్కోండ్రి," అంటున్నారు సారు.

నవత కోచింగ్ సెంటర్ ఆఫీసుకు ఫోన్ చేసింది. గుమస్తా బుచ్చిబాబు ఎత్తాడు.

"అన్నా, ఎవరో కిటికీలకెళ్లి దస్తీ ఏసిన్రు. కెమెరా మీద పడ్డది. జర తియ్యిండ్రి!"

"ఎవరిదక్కా?"

"నాకేమెరుక?"

"మరెట్ల తియ్యాలె? పాపం, ఎవరో సీటు ఆపుకున్నరు. తీస్తే లొల్లయితది."

"గా సీట్ల మేం తొమ్మిదొందల మందిమి కూసున్నం!"

"కూసున్నట్టు కనవడాలె గదక్కా."

"నా రూం ఎదురుంగనే. నేనే వచ్చి తీస్త."

"మీది హెడ్‌సెట్ అడ్మిషన్. గేట్ల రానియ్యరు."

బుచ్చిబాబు నిబంధన ప్రకారం మైకులో మూడుసార్లు దస్తీ యజమానిని పిలిచాడు. ఆ యజమాని, అఖిల్ అనే విద్యార్థి, నారాయణగూడలో చాయ్ తాగుతున్నాడు. ఏడుంబావుకు వచ్చి దస్తీ తీశాడు.

"అరే, దస్తీ ఏసినంక గూడ నా సీట్ల కెమెరా పెట్టిన్రేంది?" అని ఫిర్యాదు చేశాడు. న్యాయమేనన్నారు అందరూ.

అప్పుడు తొమ్మిది వందల మందికీ బోర్డు చేతికందేంత దగ్గరగా కనిపించింది. దాని మీద డస్టర్ ఆఖరి వరుస తుడుస్తోంది.

ఎనిమిదింటికి నవత ఫోనుకు సందేశం వచ్చింది: "క్లాసులో మీరు పదిహేడుసార్లు వెనక్కి తిరిగారు. రేపు తండ్రిని వెంటబెట్టుకుని రావలెను. ఆయనను గేటు లోపలికి అనుమతిస్తాం."