బ్యాటరీ పట్టాభిషేకము

వినుడు, వినుడు! సూర్యుడు సైతము పది గంటల వరకు దుప్పటి తీయని జనవరి మాసమున, గురువారమునాడు, గడ్డకట్టిన ఇందిగిర్కా నదీతీరమున, నోట వెలువడిన ఊపిరి నేల చేరులోపలనే మంచుపొడియై గలగల రాలు మా గ్రామమున, సున్నకు యాభైనాలుగు డిగ్రీల దిగువన ఒక మహాసంగ్రామము జరిగినది. అందు తలలు తెగలేదు, రక్తము పారలేదు, పారినను గడ్డకట్టెడిది. ఒక ముక్కుకొన మాత్రము తెల్లబడినది.

ఆ సంగ్రామమునకు నాయకుడు నికీఫర్. పందొమ్మిది శీతకాలములను ఒకే నక్కతోలు టోపీతో నెట్టుకొచ్చిన హిమగర్వభంజనుడు, పాఠశాలకు బొగ్గు తోలు దుర్వారపరాక్రముడు, ఎవరి మాటయు వినని ధీరుడు, వినకపోయినందుకు ప్రతిసారియు చింతించిన మహానుభావుడు. ఆతని రథము నాలుగు చక్రములకును బలము గల బూడిదరంగు వ్యాను. ఆకారము చూచి దేశమంతయు దానిని రొట్టెబండి అనును. గుంటలకు గాని, బురదకు గాని, నదికి గాని అది వెరవదు. ఉదయమున లేచుటకు మాత్రము వెరచును.

మా ఊరి ధర్మమొకటి కలదు. అక్టోబరులో అంటించిన ఇంజనును మార్చి వరకు ఎవడును ఆర్పడు. ఆర్పక తప్పనివాడు బ్యాటరీని విప్పి, కన్నబిడ్డవలె ఎత్తుకొనిపోయి, ఇంటిలో పొయ్యి పక్కన పరుండబెట్టును. నికీఫర్ బ్యాటరీకి ఆ చోట ఏండ్ల తరబడి స్థిరనివాసము. అయితే గత గురువారపు విమానమున అత్తగారు వర్వారా వచ్చి, సరిగ్గా అక్కడనే మంచము వేయించుకొనెను. నికీఫర్ ఆరు రాత్రులు ఇంజను ఆర్పక వెళ్ళదీసెను. ఏడవ రాత్రి ట్యాంకు అడుగంటెను. మిగిలిన ఒక్క డబ్బా పెట్రోలు అత్తగారిని సాగనంపుటకు దాచినది. చేయునది లేక ఇంజను ఆర్పి, బ్యాటరీని వాకిటి చలిగదిలో, కట్టెలవలె నిలబెట్టిన చేపల నడుమ విడిచివచ్చెను.

తెల్లవారెను. విమానము వారమునకు ఒకటే, పన్నెండింటికి వచ్చును. అది తప్పెనా, మరొక వారము అత్తగారు పొయ్యి పక్కన, మరొక వారము బ్యాటరీ చేపల పక్కన!

నికీఫర్ చలిగదిలోని బ్యాటరీని తెచ్చి బిగించి తాళము త్రిప్పెను. రొట్టెబండి ముసలి ఎద్దువలె ఒకసారి మూలిగి మౌనవ్రతము పట్టెను. అంతట ఆ వీరుడు బ్యాటరీని పెకలించి పొయ్యి దగ్గర వెచ్చబెట్టి, పెట్రోలు పోసి, బండి క్రింద దూరి, బుస్సుమను బ్లోల్యాంపు మంటతో ఇంజను అడుగున గడ్డకట్టిన నూనెను కాచుచు, వెల్లకిల పరుండియే ఇట్లు గర్జించెను:

"ఓసీ లోహశరీరిణీ! తోడేళ్ళు తిరుగు అడవిలో నిన్ను విడువని ఈ నికీఫరును నేడు నడివాకిట విడుతువా? లెమ్ము! లేవకున్నచో కోళ్ళగూడుగా మార్చి నీ వంశకీర్తిని మంటగలుపుదును!"

గుమ్మములో నిలిచిన భార్య తుయారా కేకవేసెను. "ఎవరితో మాట్లాడుతున్నావు? గవ్రీల్‌ని పిలవనా? ఆ జపాన్ కారుతో ఒక్క లాగు లాగితే స్టార్టవుతుంది."

"పిలిచావంటే ఇంట్లో అడుగుపెట్టను!"

"పోనీ నేనొచ్చి సాయం పట్టనా?"

"ఆడవాళ్ళ పని కాదు. లోపలికెళ్ళు."

ఈలోగా పొరుగింటి గవ్రీల్, వెచ్చని గ్యారేజీ గలవాడు, కనుక లోకమున ఏ కష్టమును ఎరుగనివాడు, కంచెపై మోచేతులానించి వినోదము చూచుచుండెను. "ఏం బావా, రొట్టె ఇంకా కాలలేదా? తాడు తేనా?"

"తాడు నీ దగ్గరే ఉంచుకో! నీ కారు గుంటలో పడ్డప్పుడు నేనొస్తాగా."

తాడు అను మాట చెవి సోకగానే నికీఫర్ క్రోధము రెట్టింపయ్యెను. వెచ్చబడిన బ్యాటరీని బిగించి, వంకర హ్యాండిలును బండి ముట్టెలో గ్రుచ్చి, దంతములు పటపట కొరికి త్రిప్పెను. బండి కదలలేదు. మరల త్రిప్పెను. భుజము కలుక్కుమనెను గాని బండి ఉలుకలేదు. గంట పదకొండయ్యెను.

అప్పుడు తలుపు తెరుచుకొనెను. ఒక చేత పాలు కలిపిన తేనీటి కప్పు, ఒంటిపై రెండు కోట్లు. డెబ్బదియొక్క యేండ్ల వర్వారా బయటికి వచ్చెను. ఆమె ముప్పదియేండ్లు సమష్టి వ్యవసాయక్షేత్రములో ట్రాక్టరు నడిపినది. ఈ వారమంతయు ఆ సంగతి ఎవరును అడుగలేదు గనుక ఆమెయు చెప్పలేదు.

"అల్లుడూ, ఉపన్యాసం అయిపోయిందా, ఇంకా ఉందా? ముక్కు తెల్లబడింది, ముందు అది రుద్దుకో. క్లచ్ ఎవరు తొక్కుతున్నారు?"

"క్లచ్చా? నేనిక్కడుంటే అక్కడెవరు తొక్కుతారు అత్తమ్మా?"

"అంటే గేరుబాక్సులో రాయిలా బిగిసిన నూనెని కూడా చేత్తో తిప్పుతున్నావన్నమాట! పెళ్ళాం సాయం పడతానంటే లోపలికెళ్ళమన్నావు కదూ? విన్నాన్లే. ఎక్కు. ఎక్కి తొక్కిపట్టు. నోరు తెరవకు."

ధీరోదాత్తుడు కిక్కురుమనక ఎక్కి తొక్కెను. వర్వారా కప్పును గవ్రీల్ చేతికిచ్చి, హ్యాండిలు పట్టి ఒకటి, రెండు, మూడు మార్లు త్రిప్పెను. దగ్గుచు, తుమ్ముచు, నల్లని పొగ గ్రక్కుచు రొట్టెబండి లేచెను! గవ్రీల్ నోరు తెరిచియే నిలువబడెను. ఇప్పటికిని నికీఫర్ ఈ కథ చెప్పునపుడు హ్యాండిలు ఊసెత్తడు. తన కాలి మహిమను మాత్రము వర్ణించును.

పదకొండున్నరకు విమానాశ్రయము చేరిరి. అక్కడ అప్పటికే ముప్పది బండ్లు. చుట్టములను ఎక్కింపవచ్చినవి కొన్ని, దింపుకొనవచ్చినవి కొన్ని. ఊరి ధర్మము ననుసరించి అన్నిటి ఇంజన్లును నడుచుచునే యుండెను. గాలి లేదు. పొగ పైకి పోక గడ్డకట్టి, తెల్లని గోడయై విమానాశ్రయమును కప్పెను. నికీఫర్ తన వంతు పొగను అందరికంటె ఘనముగా సమర్పించెను.

ఆకాశమున ఘుర్రుమను చప్పుడు వినిపించెను. విమానాశ్రయపు అధికారిణి చేతులాడించుచు పరుగెత్తెను. "ఇంజన్లు ఆపండయ్యా! కింద నేల కనపడటం లేదంట!"

"ముందు వాణ్ణి ఆపమను!" అనెనొకడు.

"నేనాపితే మళ్ళీ ఏప్రిల్లోనే స్టార్టయ్యేది. నువ్వు తోస్తావా?" అనెను వాడు.

నికీఫర్ తాళముపై చేయి వేసెను. ఉదయమంతయు పడిన పాట్లు కన్నుల ముందు తిరిగెను. చేయి తీసెను. ముప్పదియొక్కరిలో ఒక్కడును ఆపలేదు. విమానము ఆ పొగపై మూడు చుట్లు తిరిగి, నేల కానక, వచ్చిన దారినే పోయెను. దానిని అందుకొనుటకై వచ్చినవారే దానిని తరిమివేసిరి.

అందరును తిరుగు దారి పట్టిరి. ఇంటి ముందు బండి నిలిచినది. పోసిన డబ్బా పెట్రోలు అయిపోయినది. ఇంజను ఆర్పక తప్పదు. నికీఫర్ బ్యాటరీని విప్పి, తల వంచుకొని చలిగది వైపు నడిచెను.

"ఎక్కడికి?" అనెను వర్వారా.

"చేపల దగ్గరికి."

"బుద్ధుందా నీకు? పొయ్యి పక్కన చోటు దానిదని వారం రోజులుగా నాతో ఒక్కరైనా చెప్పారా? నా ట్రాక్టరు బ్యాటరీని పక్కలో పెట్టుకుని పడుకున్నదాన్ని నేను. ఏమే తుయారా, నా మంచం లోపలి గదిలోకి లాగు. పొయ్యి దగ్గర అది పడుకుంటుంది."

నికీఫరుకు కన్నులు చెమర్చెను. చెమర్చిన మరుక్షణమే రెప్పలు అంటుకుపోయెను. సంతోషముతోనో సిగ్గుతోనో ఆతనికే తెలియలేదు. ఏడు దినములు ఈ మహాసాధ్వి ఎప్పుడు పోవునా అని వేళ్ళు మడిచి లెక్కించిన నీచుడు తానేనని మాత్రము స్పష్టముగా తెలిసెను.

ఓ జనులారా, చాటుడు! ఇట్లు మంచుయుద్ధమున నికీఫర్ పొయ్యి పక్కన మూరెడు చోటు జయించెను. కంబళి కప్పుకొని బ్యాటరీ సింహాసనమెక్కెను. మరునాడు గవ్రీల్ ఇచ్చిన పెట్రోలుతో బండి మొదటి త్రిప్పుకే లేచినది. త్రిప్పినది వర్వారా, క్లచ్ తొక్కినది తుయారా, నికీఫర్ అత్తగారి తేనీటి కప్పు పట్టుకొని, ఎట్టి ఉపన్యాసమును లేక, పక్కన నిలబడెను.