రేకుల మీది వాన

ప్రతి చప్పుడుకీ ఒక కారణం అంటగట్టే చెవులారా, ఆ బాత్రూం గోడను కూల్చింది మీరే. సుత్తిని ఆడిపోసుకోకండి.

ఆ ఇంటి కోడలి పని సినిమాలకు శబ్దాలు తయారుచేయడం. రేకుల ఇల్లు వదిలి ఫ్లాటుకు వచ్చినప్పటి నుంచి మామగారికి కంటి మీద కునుకు లేదు. "రేకుల మీద వాన హోరు, కారే చోటల్లా మీ అత్తయ్య పెట్టే గిన్నెలు. అప్పుడు పట్టేదమ్మా నిద్ర," అంటాడు. కోడలు ఒకసారి వానకు బదులుగా యంత్రంతో పుట్టించిన హోరు వినిపించింది. "ఇసుక నములుతున్నట్టుంది," అని తేల్చేశాడు.

ఆదివారం పొద్దున్నే కోడలు కొత్త ఎత్తు వేసింది. ఒట్టి చిటుక్కులు, అవీ లెక్కాపత్రం లేకుండా ఎక్కడపడితే అక్కడ, మధ్యలో అంతా నిశ్శబ్దం. పలచగా ఉంటే చుక్కలు వినిపిస్తాయి. చిక్కబడితే చెవి ఆ ఖాళీలను తానే పూడ్చుకుంటుంది, యంత్రం హోరు కన్నా నున్నగా, వానలా వింటుంది. మామయ్య చెవికి ఎంత చిక్కదనం కావాలో తేలాలి. ముందే చెబితే తప్పులు వెతుకుతాడని స్పీకరును బాత్రూం అటక మీద దాచి, తన గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంది.

టప్. టప్ టప్. కాసేపాగి, టప్.

"నాన్నా, పైపు కారుతోంది," అన్నాడు కొడుకు.

"కారితే కారనీరా. మీ అమ్మ సత్తుగిన్నె పెట్టు."

గిన్నె పెట్టారు. చప్పుడు పడుతూనే ఉంది, చుక్క మాత్రం పడలేదు. నీళ్ళు గోడలోనే ఉన్నాయని తీర్మానించి ప్లంబర్‌ను పిలిచారు. అతను గోడకు చెవి ఆనించి, సుత్తితో ఒక్కటిచ్చాడు. సరిగ్గా అప్పుడే తన గదిలో కోడలు చిటుక్కులు పెంచింది.

"పెరిగిందేమిటయ్యా?"

"కెలికితే పెరగదా సార్. దారికొస్తుంది లెండి."

ఇంటి నీళ్ళన్నీ కట్టేశారు. ఆగలేదు. "అయితే పక్కింటి నీళ్ళు సార్," అని ప్లంబర్ ఇంకో నాలుగు తగిలించాడు. గోడ అవతల పక్కింటాయన మొహం కనిపించింది, సబ్బు నురగతో.

"మా నీళ్ళు మీ గోడలోకొచ్చాయా? మర్యాదగా మావి మాకిచ్చేయండి," అన్నాడాయన.

ఇంతలో కోడలు ఇంకా చిక్కబరిచింది. చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఇక ఎవరికీ ఏ చుక్కా వినిపించలేదు.

"ఆగింది. నేను చెప్పలా?" అంటూ ప్లంబర్ చెమట తుడుచుకున్నాడు.

గదిలో పెద్దాయన ఖాళీ గిన్నెను పొట్ట మీద పెట్టుకుని గుర్రు కొడుతున్నాడు.

మామయ్యను చూద్దామని బయటికొచ్చిన కోడలికి ముందు పక్కింటాయన కనిపించాడు. జరిగింది చెప్పక తప్పలేదు.

"ముందు దాన్ని ఆపు తల్లీ," అన్నాడు భర్త.

ఆపింది. ఆ నిశ్శబ్దంలో, టప్. సుత్తి తగిలి చిల్లిపడ్డ పైపు. ఈసారి అవి నిజంగానే పక్కింటి నీళ్ళు.

మామగారు కళ్ళు తెరిచాడు. "వాన ఎవరాపార్రా?"

"నాన్నా, గోడ..."

"గోడ ఎక్కడికీ పోదు. ఇదిగో గిన్నె, ఆ కారేదాని కింద పెట్టండి. అమ్మాయ్, నా వాన నాకు పెట్టు, ఇప్పుడే."