మైసన్న సోయా చేనులో వెలుగు

ఆ పొద్దున మైసన్న పెట్టుకున్న పని ఒక్కటే. సోయా చేను నడుమ గుంజ పాతి, ఇంటి నుంచి తీగ లాగి, పెద్ద బల్బు కట్టడం. ఎల్లారెడ్డి పక్క ఊళ్లో అతనిది చిన్న చేను. రాత్రిళ్లు అడవి పందులకు కాపలా కాసీ కాసీ కళ్లు గుంటలు పడ్డాయి. వెలుగుంటే పందులు రావు, తాను ఇంట్లో పడుకోవచ్చు అనుకున్నాడు.

పందులు రాలేదు. నిద్ర మాత్రం ఎక్కువ రోజులు దక్కలేదు. ఆషాఢం ముగిసేసరికి పక్క చేలలో మొక్కలు మోకాలెత్తున ఉంటే, మైసన్నవి నడుము దాటి నిగనిగలాడుతున్నాయి. పక్క చేను భూమక్క వచ్చి, ఏం మందు కొట్టావో చెప్పమని నిలదీసింది.

"మందు లేదు గిందు లేదక్కా. ఉత్త బల్బు కట్టిన, అంతే."

దాస్తున్నాడని ఆమె అలిగింది. తర్వాత ఆలోచించి, మందు ఆ బల్బేనని తేల్చి ఊరంతా చెప్పింది. కొద్దిరోజుల్లోనే చేలన్నీ పెళ్లిపందిళ్లలా వెలిగాయి. ఆ బరువుకు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

తప్పు మైసన్నదేనని అందరూ తీర్మానించారు. కొత్తది తెచ్చే పనీ అతని నెత్తినే పడింది. కామారెడ్డి కరెంటు ఆఫీసుకు తిరిగి తిరిగి అతని కాళ్లు వాచాయి. వరసలో ముందే ఎన్నో ఊళ్లున్నాయని అక్కడ చెప్పారు. ఒకనాడు తిరుగు దారిలో, కనీసం తానైనా పడుకుందామని నాలుగు సోలార్ లైట్లు కొని చేను నాలుగు మూలలా పాతాడు. ఊరు చీకట్లో ఉంటే అతని చేను వెలుగుతోందని జనం అతనితో మాటలు మానేశారు. ఆ మౌనంలో అతనికి కాస్త కునుకు పట్టింది.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేసరికి కోతలు దగ్గరపడ్డాయి. అందరి మొక్కలూ కాయలతో వంగి ఉన్నాయి. మైసన్న చేనులో ఆకు తప్ప కాయ లేదు. వ్యవసాయ అధికారి వినోద వచ్చి, ఒక మొక్కను అటూ ఇటూ తిప్పి చూసింది.

"సోయకు రాత్రి చీకటి గావాలె, అన్నా. చీకటి సాలినంక గానీ పూతకు రాదు. నువ్వు రాత్రంత వెలుగు పెడితే అది పెరుగుడే పనిగ పెట్టుకున్నది."

ఊళ్లోవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కరెంటు పోబట్టే తమ పంట దక్కిందని వాళ్లకు మెల్లగా తలకెక్కింది. ఆ సాయంత్రమే భూమక్క మైసన్న ఇంటికి వచ్చి, గడప దగ్గర కూర్చుని, ఎన్నడూ లేనంత మర్యాదగా అడిగింది.

"తమ్మీ, వచ్చే ఏడు గూడ శ్రావణంల ఓసారి ట్రాన్స్‌ఫార్మర్ కాలబెట్టరాదు?"

మైసన్న లేచి, కాయ లేని సోయా మొక్కలు ఒక మోపు తెచ్చి పెరట్లో బర్రె ముందు వేశాడు. ఆ ఏడు అతని బర్రెకు మాత్రం మేత కొదవ రాలేదు.