గురయ్యకు ఆకలి లేదు

పన్నెండేళ్ల కిందటి ఆకలి సర్వేను ఈ ఏటి సర్వేతో పోల్చాలంటే అప్పటివాళ్లంతా కొత్త నిర్వచనం ప్రకారం మళ్లీ జవాబు చెప్పాలి కనుక, చనిపోయినవాళ్లు కూడా సోమవారం ఉదయం ఎవరింటికి వాళ్లు వచ్చేశారు. గుర్తింపు కార్డు అడగలేదు. ప్రభుత్వానికి ఆమాత్రం దయ ఉంది.

గురయ్య తన ఇంటి అరుగు మీద కూచున్నాడు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు గానీ, తిండి లేక చనిపోయిన మనిషి కదా, ఇతని కళ్లు గుంటల్లోనే ఉన్నాయి. భార్య అసిరమ్మ చూసి భోరుమంది. ఆ ఏడుపుతోనే పొయ్యి రాజేసి ఎసరు పెట్టింది.

"ఇప్పుడు అన్నం పెట్టకండమ్మా," అన్నాడు సర్వేకి వచ్చిన భాస్కర పట్నాయక్. "పోయిననాడు ఎలా ఉన్నాడో అలాగే ఉండాలి. తింటే పోలిక చెడిపోతుంది."

ఆయన చెడ్డవాడేం కాదు, చెప్పులు బయట విడిచే వచ్చాడు. పాత నిర్వచనం ప్రకారం రెండు పూటలా తిండి లేనివాడికి ఆకలి ఉన్నట్టు. కొత్తదాని ప్రకారం, ఏడాదికి ఒక్కసారైనా ఇంట్లో తన పేరున విస్తరి పడనివాడికి.

"ఈయన పేరున విస్తరి వేస్తున్నారా?"

"ఎయ్యకేటి బాబూ! పెద్దల అమాసకి ఏటా ఏస్తాను. నాను పస్తున్న ఏడు కూడా మానలేదు." గర్వంగానే చెప్పింది, పిచ్చితల్లి.

"అయితే ఈయనకు ఆకలి లేదు. నిర్వచనం వెనక్కి కూడా వర్తిస్తుంది. అప్పుడూ లేనట్టే."

అసిరమ్మకు ఒళ్లు మండిపోయింది. "మరి దేంతో సచ్చిపోనాడు?"

"అది మా ప్రశ్నల్లో లేదమ్మా."

లోపల్నుంచి అన్నం ఉడికిన వాసన వస్తోంది. గురయ్య గుటక మింగాడు.

"ఓలే అసిరీ, ఒక్క ముద్దెట్టవే. ఆకలి లేనోణ్ని గదా, తింటే పోలికకేటవుద్ది?"

పట్నాయక్‌కి అది న్యాయంగానే తోచింది. పక్కకి వెళ్లి పై ఆఫీసుకు ఫోన్ చేశాడు. చాలాసేపు "సరే సార్, సరే సార్" అని, తిరిగొచ్చాడు.

"పెట్టొచ్చట. కాకపోతే, ఈయన వెళ్లిపోయాక."

అసిరమ్మ మొగుడి మొహంలోకి చూసింది. తను కదిలితే గానీ అన్నం పడదని అతనికి అర్థమైంది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మెల్లగా అరుగు దిగాడు.

"సల్లారిపోద్ది, బేగెల్లు మావా," అంది అసిరమ్మ.

అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికెళ్లి విస్తరి వేసింది.