పైకి బాణం

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉన్నాయి గానీ సంస్కృతి ఒక్కటే లేదని నక్కకు అనుమానం వచ్చింది. వెంటనే సాంస్కృతిక మండలి పెట్టి, అధ్యక్ష పదవి తనే తీసుకుంది. కార్యదర్శి గాడిద. ఓడరేవులో ఒక పంజరంలో రెండేళ్లుండి వచ్చిన చిలక పండితురాలు.

ఒకనాడు రోడ్డు మలుపులో లారీ మీంచి అట్టపెట్టె ఒకటి జారిపడింది. చిలక దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, "అమెరికా!" అంది. చదవగలిగింది ఆ ఒక్క ముక్కే.

గాడిద కళ్లు చెమర్చాయి. "ఏముందమ్మా అందులో?"

"లోపలెందుకండీ, పైన చూడండి. ఈ అట్ట పరిశ్రమ. ఈ గొడుగు బొమ్మ కళ. ఈ అక్షరాలు సాహిత్యం."

"మరి ఈ బాణం?" అంది నక్క.

చిలకకు తెలియదు. తెలియదనడం పండితులకు అలవాటు లేదు. "అదా? సందేశం! అమెరికాలో సమస్తమూ పైకే!"

మర్నాడే తీర్మానమైంది. ఇకమీదట అడవిలో ప్రతి ఇంటి నోరూ పైకే ఉండాలి. నక్క తన పొద కప్పు పీకించుకుని, "ఆహా, ఏం గాలి!" అంది. కుందేళ్లు బొరియల మీది మన్ను తోడేసి, వెల్లకిలా పడుకున్నాయి. గాడిదకు ఇల్లు లేదు. అందుకని తన నోరే పైకెత్తి తిరిగింది.

గిజిగాడు ఒక్కడే మాట వినలేదు. చెరువు మీదికి వంగిన తుమ్మకొమ్మకు వేలాడే అతని గూటికి వాకిలి కిందికే ఉంది. లోపల మూడు గుడ్లు.

"ఏరా, తిరగేస్తావా, పీకించమంటావా?" అంది నక్క.

"తిరగేస్తే గుడ్లు పోతాయి బాబూ. వాకిలి పైకి పెట్టి అల్లితే వాన లోపల పడుతుంది."

"వానేమిటోయ్! గొడుగు బొమ్మ చూళ్లేదూ?" అంది చిలక.

సాయంత్రం గూడు పీకడానికి నక్క పంపిన కోతులు కొమ్మెక్కాయి. సరిగ్గా అప్పుడే తొలకరి దంచింది. కోతులు జారి చెరువులో పడ్డాయి. పొద నిండింది, బొరియలు నిండాయి, గాడిద నోరు నిండింది. అందరూ పెట్టె కిందికి దూరారు. అమెరికా పరిశ్రమ కాస్తా నాని ముద్దయింది. అందులోంచి ఒక గూడు జారిపడింది.

నక్క తడితోకతోనే లేచి నిలబడింది. "ఇదీ కళంటే! వాకిలి చూడండి, కిందికి పెట్టారు! చుక్క నీరు దిగితే ఒట్టు!"

గిజిగాడు తొంగిచూశాడు. "అది నాదే బాబూ! పోయినేడు నేను అల్లి వదిలేస్తే మ్యూజియం వాళ్లు కోసుకుపోయారు. గాలికి ఊగకుండా లోపల అంటించిన ఆ బంకమట్టి ముద్ద నేను పెట్టిందే. పెట్టె అమెరికా నుంచి రావడం లేదు, అమెరికాకు పోతోంది!"

నక్క కొమ్మ మీది గూటినీ, కింది గూటినీ మార్చి మార్చి చూసింది.

"దొంగా! అమెరికా వాళ్లది చూసి అల్లావన్నమాట!"

"అయితే పీకించమంటారా?" అంది గాడిద.

"అమెరికా నకలును ముట్టుకుంటే తోలు తీస్తాను! కాపలా పెట్టించు."

గిజిగాడు మళ్లీ నోరు తెరిచాడు. గూట్లోంచి పెళ్లాం గదిమింది. "ఊరుకోండి! గుడ్లు పొడిగా ఉన్నాయి. నకలేనని ఒప్పుకోండి!"

"నకలేనండి," అన్నాడు గిజిగాడు.

మర్నాడు, ప్రతి ఇంటి నోరూ కిందికే ఉండాలని తీర్మానమైంది. గాడిద నోరు దించుకుంది.

కనుక పెద్దలారా, మన పని మన ఊళ్లో నిలవాలంటే, ముందు అది మనది కాదని ఒప్పుకోవాలి.