వెర్నా గారు ఆరు సెకన్లు పైకి చూశారు

మానవజాతి ఎంత నాగరికత సాధించిందో తెలుసుకోవడానికి రాకెట్లనూ వంతెనలనూ చూడనక్కర్లేదు. ప్రభుత్వం పూచీ ఉన్న ఇంటి అప్పు మంజూరు కావాలంటే, ఇల్లు చూడడానికి వచ్చిన మనిషి అటకలోకి తలా భుజాలూ దూర్చి చూడాలని కాగితం మీద రాసిపెట్టుకున్న జాతి మనది. ఒక్క తల దూరిస్తే చాలదు, భుజాలు కూడా లోపల ఉండాలి. (నడుము విషయంలో నిబంధన మౌనంగా ఉంది. నడుము ఆ మనిషి ఇష్టం.)

నేను కెంటకీ కొండల్లో కోల్టర్స్ ఫోర్డ్ అనే ఊళ్ళో, ఇళ్ళ దస్తావేజులు సరిచూసే ఆఫీసులో పందొమ్మిదేళ్ళుగా గుమాస్తాని. కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మాట నమ్మవచ్చు. చేతిలో పెద్దగా సొమ్ము లేనివాళ్ళు ఇల్లు కొంటే బ్యాంకు అప్పిస్తుంది, ప్రభుత్వం పూచీ పడుతుంది. పూచీ పడే ముందు ఆ ఇంటికి ఒక మనిషి వెళ్ళాలి. కుళాయిలు తిప్పాలి, మరుగుదొడ్లో నీళ్ళు వదలాలి, మెట్ల పక్క కమ్మీ ఊగుతోందేమో పట్టి చూడాలి. ముఖ్యంగా పాత ఇళ్ళలో రంగు పెచ్చులూడుతోందా అని ప్రతి కిటికీ చూడాలి. పాత రంగులో సీసం ఉంటుంది, పసిపిల్లలు ఆ పెచ్చులు నోట్లో పెట్టుకుంటే బుర్ర దెబ్బతింటుంది. పెచ్చులున్నాయని ఆ మనిషి రాస్తే, అమ్మేవాడు గీకించి కొత్త రంగు వేయించేదాకా అప్పు కదలదు. ప్రభుత్వం చేసే పనుల్లో నాకు మనస్ఫూర్తిగా నచ్చినది ఇదొక్కటే.

ఈ పనికి అర్హులైనవాళ్ళు మా మూడు కౌంటీల్లో ఒకప్పుడు పదిహేడుగురు. కొందరు పోయారు, కొందరు విసిగిపోయారు, ఒకాయన చేపలు పట్టుకుంటానని వెళ్ళి మళ్ళీ కనబడలేదు. చివరికి మిగిలింది వెర్నా స్టిడమ్ గారు. అరవై మూడేళ్ళు, రెండు మోకాళ్ళూ అంతంతమాత్రం, నిచ్చెన మాత్రం తనదే. ఆ ఒక్కరైనా జాబితాలోంచి జారిపోకూడదని పై వాళ్ళు కంగారుపడి, పాత సామాన్ల దుకాణం ఒకటి అద్దెకు తీసుకుని అందులో ‘అర్హత నిలుపుదల సహాయ కేంద్రం’ తెరిచారు. అందులో సిబ్బంది పదకొండు మంది. (సహాయం పొందేవారు ఒక్కరు. ఈ నిష్పత్తి మా ఆసుపత్రికి కూడా లేదు.)

రెండేళ్ళకోసారి అర్హత పొడిగించుకోవాలంటే ఏడు గంటల పాఠం వినాలి. పూర్వం ఇది హైవే పక్క హోటల్లో జరిగేది. కాఫీ ఇచ్చేవారు, వెనక వరసలో గురక వినబడేది, అందరూ పాసయ్యేవారు, ఇళ్ళు నిలబడే ఉండేవి. ఇప్పుడు కేంద్రానికి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చోవాలి. అభ్యర్థి కళ్ళను కెమెరా కనిపెట్టి ఉంటుంది. నిబంధన 14(ఇ) ప్రకారం చూపు తెర మీంచి అయిదు సెకన్లకు మించి తొలగితే అది ‘బయటి సహాయం’ కిందికి వస్తుంది. పాఠం మొదటికొస్తుంది.

అక్టోబర్ మొదటి వారంలో రోండా కూంబ్స్ మా ఆఫీసుకు వచ్చింది. స్కూలు బస్సు నడుపుతుంది, మూడేళ్ళ కూతురు ఎమీని చంకనేసుకుని వచ్చింది. లోకస్ట్ వీధిలో 1931 నాటి ఇల్లొకటి కొనడానికి ఒప్పందం రాసుకుంది. ఇల్లు చూసిన చీటీ ఇరవై ఎనిమిదో తేదీలోగా రాకపోతే, అమ్మేవాడు వేరొకరికి ఇచ్చుకోవచ్చు. ఆ వేరొకరు కూడా సిద్ధంగా ఉన్నారు. ఊళ్ళో ఇళ్ళన్నీ రొక్కం పెట్టి కొనేస్తున్న ఒక కంపెనీ.

అదే సమయానికి వెర్నా గారు ఏదో కాగితం కోసం అక్కడే ఉన్నారు.

“మిస్ వెర్నా, మీరే వస్తారుగా మా ఇంటికి?” అంది రోండా. (మా కొండల్లో పెద్దావిడలను, పెళ్ళయినా సరే, మిస్ అనే పిలుస్తాం.)

“రాక ఎక్కడికి పోతానే. అర్హత గడువు ఇరవయ్యో తారీకుతో సరి, ఆఖరి నెలలో కొత్త ఇల్లు చూడనివ్వరు. ఆలోపల ఆ పాఠం ఒకటి ముగించుకోవాలి. ముగించి నేరుగా మీ కిటికీల దగ్గరికే.”

“కష్టమా అది?”

“ముప్పై ఒక్క ఏళ్ళుగా చేస్తున్న పని నాకే నేర్పుతారు. కష్టమేముంది, సిగ్గు తప్ప.”

ఇక్కడ ఆవిడ అలవాటు గురించి చెప్పాలి. ఏ గదిలోకి అడుగుపెట్టినా వెర్నా గారి చూపు ముందు పైకప్పు మూలలకు వెళుతుంది. చెమ్మ ముందు కనబడేది అక్కడే. పళ్ళ డాక్టరు కుర్చీలో కూడా అంతే. భర్త అంత్యక్రియల రోజున ఆవిడ చర్చి కప్పుకేసి చూస్తూ ఉండిపోతే పాపం దుఃఖం అనుకున్నాం. మర్నాడు పాస్టర్‌కు ఫోన్ చేసి, ఉత్తరం మూల కారుతోంది, రేకు మార్పించమన్నారు. మార్పించారు. (దుఃఖం కూడా ఉంది. ఆవిడ రెండూ ఒకేసారి చేయగలరు.)

పదో తేదీన కేంద్రంలో పాఠానికి కూర్చున్నారు. మూడు గంటలు సాఫీగా గడిచింది. అందులో నాలుగో భాగం పేరు ‘పైకప్పులో నీటి నష్టపు గుర్తులు’. ఆ మాట వినగానే ఆవిడ తలెత్తారు. నెత్తి మీద కప్పు పలకకు కాఫీరంగు మరక ఉంది, పలక కడుపుతో ఉన్నట్టు కిందికి దిగి ఉంది. ఆరు సెకన్లు చూశారు. పాఠం మొదటికొచ్చింది.

సహాయ సమన్వయాధికారి కార్ల్‌టన్ ప్రూయిట్ గారు పరుగున వచ్చారు. చాలా మంచి మనిషి, ఆయన మీద నాకు కోపం వచ్చేది అందుకే.

“వెర్నా గారూ, మేము మీ వైపే ఉన్నాం. అసలేం జరిగింది?”

“మీ కప్పు పడబోతోందయ్యా.”

“అది మరమ్మతుల విభాగం చూసుకుంటుంది. మీరు ఎందుకు పైకి చూశారన్నది మన సమస్య.”

“పైకి చూడడమే కదా నా పని.”

“పనిలో చూడండి. పాఠంలో వద్దు.”

ఆయన ఊరికే కూర్చోలేదు. పైకి కనబడకుండా పొడుగు అంచు టోపీ తెప్పించారు. టోపీ నీడలో కళ్ళు కనబడక కెమెరా ఆవిడను గైర్హాజరు చేసింది. ‘అలవాటుగా తొలగే చూపు’ కింద మినహాయింపు కోసం దరఖాస్తు పెట్టించారు. దానికి ఇది జబ్బేనని డాక్టరు రాసివ్వాలి. మా డాక్టరు, “వెర్నాకు జబ్బేమీ లేదు, నా క్లినిక్ కప్పు నిలబడిందంటే ఆవిడ చలవే” అని రాసిచ్చారు. దరఖాస్తు తిరస్కరించారు. ఆరోగ్యంగా ఉన్నందుకు.

ఇరవయ్యో తేదీ వచ్చింది. ఆఖరు రోజు. ఆ ఉదయం ఆవిడ మెడకు కాలర్ పట్టీ కట్టుకుని వచ్చారు. సొంత ఆలోచన. ఆరున్నర గంటలు తెరకేసే చూశారు. నెత్తి మీద టప్ టప్ మంటున్నా చూడలేదు. ఒక చుక్క చేతి మీద పడితే తుడుచుకున్నారు. 

చివరి ప్రశ్న తెర మీదికి వచ్చింది. ‘గదిలోకి ప్రవేశించగానే మీరు మొదట చూడవలసినది ఏది?’

వెర్నా గారు పట్టీ విప్పి పైకి చూశారు. చూసి, కుర్చీలోంచి లేచి, ప్రూయిట్ గారి చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా లాక్కెళ్ళారు.

“ఏమిటండీ ఇది, అభ్యర్థి కుర్చీ వదలకూడదు” అన్నారాయన.

“నోర్మూసుకుని ఇక్కడ నిలబడు నాయనా” అన్నారావిడ.

కప్పు పలకా, దాని వెనక నిల్వ ఉన్న నీళ్ళూ, ఒక చచ్చిన ఉడతా కలిసి ఆవిడ కుర్చీ మీద పడ్డాయి. కంప్యూటర్ ఆరిపోయే ముందు తన కర్తవ్యం నెరవేర్చింది: ‘అభ్యర్థి అనుమతి లేకుండా లేచారు. పాఠం రద్దు.’

ప్రూయిట్ గారు ఉడతకేసి చూశారు. తర్వాత మెల్లగా అన్నారు: “మీ సమాధానం సరైనదే అనుకుంటాను. కానీ నమోదు కాలేదు.”

“మళ్ళీ కూర్చుంటాను. ఇంకో గది చూపించండి.”

“కప్పు సురక్షితమని అర్హులైనవాళ్ళు చూసి చెప్పేదాకా కేంద్రం తెరవకూడదండీ.”

“మూడు కౌంటీల్లో అర్హత ఉన్నది ఎవరికి?”

ఆయన గడియారం చూసుకున్నారు. “సాయంత్రం అయిదు దాకా మీకు.”

అప్పుడు టైము అయిదుంబావు.

లెక్సింగ్‌టన్ నగరం నుంచి అర్హత ఉన్న మనిషి రావాలంటే ఆరు వారాలన్నారు. ఇరవై తొమ్మిదో తేదీన లోకస్ట్ వీధి ఇల్లు కంపెనీ పేర రాశారు. ఆ దస్తావేజు సరిచూసింది నేనే. తప్పులేవీ లేవు. రొక్కానికి కొన్న ఇల్లు కనుక అటకలోకి ఎవరూ ఏమీ దూర్చనక్కర్లేకపోయింది.

సంవత్సరాంతంలో సహాయ కేంద్రం నివేదిక వచ్చింది. మా ప్రాంతపు జాబితాలో అర్హత లేనివారు ఒక్కరూ లేరని, ఇది వంద శాతం విజయమని అందులో ఉంది. (జాబితాలో ఎవరూ లేరు. ఆ సంగతి ఏడో పేజీలో ఉంది.) సిబ్బందిని పద్నాలుగుకు పెంచారు.

రోండా ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంటోంది, కంపెనీకి అద్దె కడుతూ. మొన్న ఆదివారం వెర్నా గారు మొక్కజొన్న రొట్టె చేసుకుని వెళితే నేనూ వెంట వెళ్ళాను. ఆవిడ అలవాటుగా కప్పు చూశారు, బాగానే ఉందని తలూపారు. తర్వాత కిటికీ దగ్గర ఎమీ కనబడింది. గట్టు మీద తెల్లటి పెచ్చులను వేలితో తీసి వరసగా పేర్చి ఆడుకుంటోంది.

“ఎలా ఉంది మిస్ వెర్నా, ఇల్లు?” అని రోండా అడిగింది.

వెర్నా గారు పిల్లను ఎత్తుకుని, వేళ్ళు కడిగి, “తడిగుడ్డ ఇవ్వవే” అన్నారు. ఆ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో కిటికీ తుడుస్తూ పోయారు.

అద్దెకిచ్చేటప్పుడు కంపెనీ ఇచ్చిన కాగితం రోండా నాకు చూపించింది. ఇంటి రంగులో సీసం ఉండవచ్చునని తనకు తెలుసునంటూ కింద రోండా సంతకం ఉంది. గుమాస్తాని కనుక పైనుంచి కిందిదాకా చదివాను. ఆ సంతకానికి మాత్రం ఎవరి అర్హతా అక్కర్లేదు.